వాగు వెనక్కి పారిన యేడు

మా నానమ్మ పిల్లిని గోనెసంచిలో వేసి, మూతి బిగించి, సంచిని గిరగిర మూడుసార్లు తిప్పింది. అట్లా తిప్పితే పిల్లికి తొవ్వ యాదుండదట. సంచి లోపలి నుంచి చుక్కి అరిచిన అరుపు వినలేక నేను చెవులు మూసుకున్నాను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఆ పొద్దుటికే మా ఇంటి మీద కప్పు లేదు. గూనలు దించేశారు, వాసాలు బండికెక్కాయి. పొయ్యి మీదికి నేరుగా ఎండ పడుతుంటే ఇల్లంతా బరిబాత నిలబడ్డట్టు అనిపించింది.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఇప్పుడు గడ్డ మీదున్న కొత్త ఊరిది. అడుగునున్న దానికి పేరు మిగల్లేదు.

1963 జూలై 26న జవాహర్‌లాల్ నెహ్రూ పోచంపాడ్‌లో ప్రాజెక్టుకు పునాదిరాయి వేశాడు. మావాళ్లు కొందరు బండ్లు కట్టుకొని చూడబోయారట. నెహ్రూను చూసొచ్చామని సంబరపడ్డారే గాని, ఆ రాయి తమ ఊరి మీదే పడ్డదని అప్పటికి ఎవరికీ తోచలేదు. తర్వాత కొలతలవాళ్లు వచ్చి ఎక్కడిదాకా నీళ్లొస్తాయో రాళ్లు పాతిపోయారు. నిండు మట్టం 1091 అడుగులు. అక్షరం రానివాళ్లకు కూడా ఆ అంకె నోటికి వచ్చింది. "మా పొలం లోపటనా, బయటనా?" అన్నది ఊళ్లో అప్పటి కుశలప్రశ్న.

అంత జరుగుతుంటే ఎందుకు అడ్డం తిరగలేదని ఇప్పటి పిల్లలు అడుగుతారు. దానికి నా దగ్గరున్న జవాబు మా అమ్మగారి ఊరు.

అమ్మది బోధన్ దిక్కు. 1923లో మొదలుపెట్టి 1931కల్లా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్లతో చెరుకు, ఆ చెరుకును నమ్ముకొని 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చాయి. మెట్ట జొన్న తిన్న ఇండ్లల్లో వరి అన్నం ఉడికింది. మా మామకు ఫ్యాక్టరీలో నౌకరీ, సైకిలు, చేతికి గడియారం. ఇదంతా మా బాపు పెండ్లికి పోయినప్పుడే కండ్లారా చూశాడు. కట్ట కడితే ఏమొస్తుందో జిల్లాలో అందరికీ తెలుసు. అది ఎవరికొస్తుందన్నదే ఎవరూ గట్టిగా అడగలేదు. నిజాంసాగర్ కింద మునిగిన ఊళ్ల మాట మా మామ ఇంట్లో ఒక్కసారి కూడా వినలేదు నేను.

పరిహారం చేతికొచ్చిన యేడు బాపు వేరే మనిషి అయ్యాడు. జాతరకు తీసుకపొమ్మంటే కసిరేవాడు, ఆ ఎండాకాలం మమ్మల్ని ఊరూరా తిప్పాడు. పైసలిచ్చిన ఆఫీసులో జాబితా చదివి వినిపించారు: ఇల్లు, బాయి, యాప చెట్లు, మామిడి చెట్లు. నానమ్మ మధ్యలో ఆపి, "మా తాత నాటిన చింతచెట్టు ఏది?" అంది. అది గెట్టు మీదుంది, మీది కాదు అన్నారు. నానమ్మ మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. బాపు మాత్రం అక్కడి నుంచి మమ్మల్ని నేరుగా స్టేషన్‌కు తీసుకపోయాడు.

నిజామాబాద్‌లో మీటర్‌గేజి బండి ఎక్కి, జానకంపేట కాడ చీలే లైను మీద బోధన్. నేను రైలెక్కింది అదే మొదలు. మామ ఇంటికి చేరకముందే మడ్డి వాసన ముక్కులకు కొట్టింది. తీపిగా, కొంచెం కుళ్లినట్టు. మా అత్తకు అది వాసనే కాదట, ఆమెకు తెలిసేదే కాదట. నేను వారం రోజులు చెరుకు నమిలి నాలుక కోసుకున్నాను.

ఒక తెల్లారుజామున మామ బండి కట్టించి అందరినీ కందకుర్తికి స్నానానికి తీసుకపోయాడు. అక్కడ మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. హరిద్ర కూడా కలుస్తుంది గనుక త్రివేణి సంగమమంటారు. ఏట్లో పాత రాతి శివాలయం. సద్ది మూట విప్పి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాం. అమ్మ మోకాలిలోతు నీళ్లలో నిలబడి మేనమామ కూతురిలా నవ్వుతూ బాపుతో పరాచికమాడింది: "గిది మా దిక్కు నీళ్లు, గది మీ దిక్కువి."

బాపు కండువా పిండుతూ, "రెండూ గలిసి మనింటికే వస్తున్నయి తియ్యి," అన్నాడు.

అందరూ నవ్వారు, నేను కూడా. సంగమం దాటిన నీళ్లు కిందికి పారితే దారిలో మా ఊరే.

తిరిగొచ్చాక పోచంపాడ్ కూడా చూపించాడు. కట్ట చూడకుండా ఇల్లు ఖాళీ చేయనని పంతం. మధ్యలో రాతి కట్టడం, అటూ ఇటూ కండ్లు ఆననంత దూరం మట్టికట్ట. తట్టలెత్తే ఆడవాళ్ల వరుస చీమలబారులా కదులుతోంది. కట్టకు 42 గేట్లు వస్తాయని ఎవరో మేస్త్రీ చెబితే, బాపు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నడిచాడు. అంత పెద్ద పనిని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. తన ఇల్లు ముంచే గోడను అంత ప్రేమగా చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇల్లు విప్పడం పది రోజులు పట్టింది. కట్టడానికి ముహూర్తం ఉంటుంది గాని విప్పడానికి ఏముంటుందని నానమ్మ అయ్యగారిని కూడా పిలవలేదు. ముందు గూనలు, తర్వాత వాసాలు, దూలాలు. దూలం దించినప్పుడు దాని మీద మా ముత్తాత సున్నంతో వేసిన గురుతు బయటపడింది. చివరికి దర్వాజ. టేకు దర్వాజ, గడపకు పసుపు గట్టిపడి పెచ్చులు కట్టింది. నలుగురు గడ్డపారలతో పెకిలించారు. ఊరి పోచమ్మ రాయిని కూడా బండిలో వరిగడ్డి పరిచి, నెత్తిన వేపమండలు కప్పి, డప్పు ముందు నడవగా తెచ్చారు. దేవత బండెక్కితే ఇంకెవరూ ఊళ్లో ఉంటామని అనలేదు.

చుక్కి మాత్రం అంది. కొత్త జాగ రెండు కోసుల దూరం. సంచి విప్పగానే మంచం కింద దూరింది, పాలు ముట్టలేదు. మూడోనాడు లేదు. మిగిలిన బండలకు పోయిన బాపుకు, కప్పులేని ఇంట్లో పొయ్యిబూడిదలో ముడుచుకొని కనిపించిందట. కండువాలో చుట్టుకొచ్చాడు. మళ్లీ పోయింది. గరిశె లేదు, ఎలుకలు లేవు, మనిషి లేడు, దానికి అక్కడేముందో! నానమ్మ మాత్రం దాన్ని తిట్టలేదు. "దానికున్న పౌరుషం మనకు లేకపాయె," అని ఒక్కమాట అని, మళ్లీ సంచి పట్టనంది.

నీళ్లు వరదలా రాలేదు. వరదైతే చప్పుడుంటుంది. ఒక పొద్దున మా వాగు వెనక్కి పారడం చూశాం. ఎప్పుడూ గోదావరి దిక్కు పోయే చెత్త, ఎండుటాకులు మెల్లగా ఊరి దిక్కు వస్తున్నాయి. బాపు నన్ను భుజాలకెత్తుకొని మిట్ట మీద నిలబడ్డాడు. మొండిగోడలు కనిపించాయి, పిల్లి కనిపించలేదు. చింతచెట్టు కొమ్మ మీద చూశామని గొర్లకాపరి పిల్లగాడు అన్నాడు. ఏ చింతచెట్టని ఎవరూ అడగలేదు. మా గెట్టు మీదిదేనని నేను నమ్ముకున్నాను.

ప్రాజెక్టు 1977లో పూర్తయింది, 1978లో శ్రీరాంసాగర్ అని పేరు మారింది. మా దిక్కు నోళ్లల్లో ఇప్పటికీ పోచంపాడే. కాకతీయ కాలువ నీళ్లు కరీంనగర్, వరంగల్ దాకా పోయాయి. కట్టకు ఎగువన గడ్డ మీదున్న మాకు మాత్రం అవి కండ్లకే. పల్లానికి దిగిన నీళ్లు ఎత్తుకు ఎక్కవు కదా. గుత్ప ఎత్తిపోతల వచ్చేదాకా చాలా ఏండ్లు చూశాం. మొదట 112 టీఎంసీలు పట్టిన జలాశయం, పూడిక చేరి, సర్వే సర్వేకూ తగ్గుతూ 80.5కు వచ్చింది. ఇంజినీర్లు పూడిక అన్నప్పుడల్లా నాకు మా వాకిలి గుర్తొస్తుంది. ఆ మట్టిలో అదీ ఉంది. అటు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. మా మామ మనవలు ఇప్పుడు మడ్డి వాసన ఎట్లుంటుందని అడిగితే చెప్పలేరు.

ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గితే నందిపేట దిక్కు బయటపడ్డ నేల పచ్చబడి కృష్ణజింకలు మేతకొస్తాయి. నిజామాబాద్ నుంచి కార్లలో వచ్చి ఫొటోలు తీసుకుంటారు. నేనూ పోతాను. జింకలు మేసేచోట మా బాయి ఎక్కడుండేదో అడుగులేసి చూసుకుంటాను, ఏటా వేరేచోట తేలుతుంది.

పాత దర్వాజనే కొత్త ఇంటికి పెట్టించాడు బాపు. వడ్లాయన తొందరలో లోపలి మొహం బయటికి, బయటి మొహం లోపలికి తిప్పి బిగించాడు. గోడ లేచాకగాని ఎవరూ చూసుకోలేదు. కింద జానెడెత్తులో సన్నసన్న గీతలున్నాయి. రాత్రుళ్లు తలుపేస్తే, లోపలికి రానియ్యమని చుక్కి గోళ్లతో గీరినవి. ఇప్పుడవి ఇంటి లోపలి వైపున్నాయి, బయటికి పోనియ్యమని గీరినట్టు.