గుండెపోటు లక్షణాల గుర్తింపు: ఒక చారిత్రక పరిశీలన

కత్తిపోటు, వెన్నుపోటు, తలపోటు, పన్నుపోటు వంటి మాటల్లో 'పోటు' పొడవడాన్ని గాని, పొడిచినట్లు కలిగే నొప్పిని గాని తెలుపుతుంది. 'గుండెపోటు' కూడా ఆ కోవలోనిదే. అందువల్ల నొప్పి లేని గుండెపోటు అంటే తెలుగు చెవికి వైరుధ్యంగా తోస్తుంది. అయితే ఇది మన భాషకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. పాశ్చాత్య వైద్యశాస్త్రం కూడా ఈ వ్యాధిని మొదట నొప్పి ద్వారానే గుర్తుపట్టింది. ఆ గుర్తింపు ఎవరి శరీరాలను చూసి ఏర్పడిందో, ఎవరిని పక్కన పెట్టిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1768లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో విలియం హెబర్డెన్ ఒక పత్రం చదివారు. అది 1772లో అచ్చయింది. నడిచేటప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు, అందులోనూ భోజనం చేసిన వెంటనే, రొమ్ములో ప్రాణం పోతుందేమో అన్నంత బాధ కలుగుతుందని, ఆగి నిలబడగానే అది తగ్గిపోతుందని ఆయన వర్ణించారు. ఆ బాధకు ఆయన పెట్టిన పేరే 'ఆంజైనా పెక్టోరిస్'. దానికి కారణం గుండెకు రక్తం అందించే కరొనరీ ధమనులలో ఉందని ఆయనకు తెలియదు. రోగి మాటలను శ్రద్ధగా వినడమే ఆయన సాధనం.

ఆ వర్ణన ఎంత కచ్చితమైనదో చెప్పడానికి ఒక ఉత్తరం చాలు. అదే ఏడాది ఒక పాఠకుడు ఆ వర్ణనలో తన బాధను తానే గుర్తుపట్టి, పేరు చెప్పకుండా హెబర్డెన్‌కు రాశాడు. తాను హఠాత్తుగా మరణిస్తే దేహాన్ని కోసి పరీక్షించమని కోరాడు. కొద్ది వారాలలోనే మరణించాడు. శవపరీక్ష చేసిన జాన్ హంటర్‌కు స్పష్టమైన కారణం కనబడలేదు. వ్యాధి లక్షణాలను చదివి సామాన్యుడు తన ప్రమాదాన్ని తానే పసిగట్టిన తొలినాటి నిదర్శనాలలో ఇదొకటి. నా దృష్టిలో ఈ చరిత్రలో ఇంతకంటే విలువైన పత్రం లేదు.

హంటర్ కూడా తరువాత అదే బాధకు లోనయ్యారు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ (మశూచి టీకాతో ప్రసిద్ధుడైన జెన్నరే) ఒక శవపరీక్షలో గుండెను కోస్తుండగా కత్తికి గట్టిగా ఏదో తగిలింది. పైకప్పు నుంచి సున్నం పెళ్ల రాలిందేమోనని ఆయన తల ఎత్తి చూశారు. తగిలింది ఎముకలా గట్టిపడిన కరొనరీ ధమని. గురువుకు ఉన్న జబ్బు ఇదేనని గ్రహించిన జెన్నర్, ఆయన మనసు నొచ్చుకుంటుందని ఆ సంగతి ప్రకటించలేదు. 1793లో సెయింట్ జార్జ్ ఆసుపత్రి పాలకవర్గ సమావేశంలో జరిగిన వాగ్వాదం వెంటనే హంటర్ మరణించారు. ఆయన ధమనులు కూడా గట్టిపడి ఉన్నట్లు శవపరీక్షలో తేలింది. జెన్నర్ అభిప్రాయం 1799లో కేలబ్ పారీ గ్రంథం ద్వారా వెలుగు చూసింది.

ఆ తరువాత శతాబ్దానికి పైగా, ధమని హఠాత్తుగా మూసుకుపోతే మరణం తక్షణమే సంభవిస్తుందన్న నమ్మకమే నిలిచింది. 1910లో కీవ్ వైద్యులు ఒబ్రస్త్‌సోవ్, స్ట్రాజెస్కోలు, 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ దానిని ఖండించారు. హెరిక్ వర్ణించిన 55 ఏళ్ల రోగికి భోజనం చేసిన గంటకు బాధ మొదలైంది. రొమ్ము కింది భాగంలో నొప్పి, వికారం కలిగాయి. అతడు 52 గంటలు బతికాడు. నేడు మన ఇళ్లలోనైతే దానిని 'గ్యాస్' అనే అంటారు. హెరిక్ పత్రాన్ని మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆ 52 గంటల విలువ 1986లో ఇటలీలో జరిగిన జిస్సి పరీక్షతో స్పష్టమైంది. రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌ను తొలి గంటలోనే పొందినవారిలో మరణాలు 47 శాతం తగ్గాయి. ఆరు గంటలు దాటాక ప్రయోజనం కనబడలేదు.

ఇక్కడ హెబర్డెన్ వద్దకు తిరిగి వెళ్లాలి. తాను చూసిన సుమారు వంద మంది రోగులలో స్త్రీలు ముగ్గురే అని, పన్నెండేళ్ల బాలుడు ఒకడని, మిగిలినవారంతా యాభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న పురుషులని ఆయనే నమోదు చేశారు. ఆయన దాచలేదు, తరువాతివారు పట్టించుకోలేదు. 2003లో జీన్ మెక్‌స్వీనీ బృందం గుండెపోటు వచ్చి బతికిన 515 మంది స్త్రీలను ప్రశ్నించింది. దాదాపు నెల ముందు నుంచే 70.7 శాతం మందికి అసాధారణమైన అలసట, 47.8 శాతం మందికి నిద్ర పట్టకపోవడం ఉన్నాయి. ముందస్తుగా ఛాతీలో ఇబ్బంది కలిగినవారు 29.7 శాతమే. గుండెపోటు సమయంలో కూడా 43 శాతం మందికి ఛాతీనొప్పి లేదు. వీరంతా బతికి బయటపడినవారేనని, నెలల తరువాత జ్ఞాపకం మీద చెప్పినవారని మరువరాదు. స్త్రీలలో కూడా ఛాతీనొప్పి ముఖ్య లక్షణమే. కాని అది లేనంత మాత్రాన గుండెపోటు కాదనడానికి వీలులేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు 2005లో రోడ్డెక్కాయి. అయితే ఆ నంబరుకు ఫోన్ చేయాలని ఇంట్లో ఎవరికో ముందు తోచాలి. 'గుండెలో పోటుగా ఉందా?' అని అడిగితే ఆమె లేదనే అంటుంది. ఆయాసమా, చల్లటి చెమటలా, దవడ గుంజుతోందా, వీపు బరువుగా ఉందా, మునుపెన్నడూ లేని నీరసమా అని అడిగినప్పుడు జవాబు వేరుగా వస్తుంది.