గుంటూరి గ్రహణమును విశ్వజన్మ వృత్తాంతమును

సూర్యగ్రహణము వచ్చుచున్నదనగానే మన యిండ్లలో జరుగు తంతు పాఠకుల కందరకును తెలిసినదే. పట్టువిడుపుల వేళలు పంచాంగమున చూచుకొని, నిలువ పదార్థములలో దర్భలు వేసి, తలుపులు మూసికొందురు. గర్భిణి యగు కోడలినో కూతురినో చీకటిగదిలో కదలక మెదలక పండుకొన బెట్టుదురు. ఆమె కత్తి పట్టరాదు, ఆకు త్రుంచరాదు, ఒడలు గోకికొనరాదు. అట్లు చేసినచో పుట్టెడు బిడ్డకు గ్రహణపు మొర్రి కలుగునని భయము. ఇట్టి గ్రహణములలో ఒకటి మన తెలుగునేల మీదనే కనబడి, విశ్వ మెట్లు పుట్టెనను విచారణకు తోడ్పడిన ఆధారములలో ఒకదానికి మొదలైనదని మనలో కొందరికి మాత్రమే తెలియును. ఆ చరిత్రమును నేడు కొంత వివరింప దలచితిమి.

క్రీ. శ. 1868 వ సంవత్సరము ఆగష్టు 18 వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమునకై జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ముందు నుండియు వేచియుండిరి. సూర్యబింబము పూర్తిగా మరుగుపడి యుండు కాలము పెక్కు గ్రహణములలో రెండు మూడు నిమిషములకు మించదు. ఈ గ్రహణమున అది మన ప్రాంతమున అయిదు నిమిషములకు పైబడి యుండునని లెక్క తేలినది. అందుచేత ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను పండితుడు గుంటూరునకు వచ్చెను. ఆంగ్లేయుల పక్షమున టెన్నెంటు అను సేనాధికారియు గుంటూరుననే విడిసెను. మద్రాసు నక్షత్రశాలాధికారి యగు పోగ్సన్ బందరు చేరెను. ఆ నక్షత్రశాలయందే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులవారు నైజాము రాజ్యములోని వనపర్తికి ఏగిరి. ఈ ఆచార్యులవారు 1867 లో ఒక చరనక్షత్రమును కనిపెట్టిన వారు. పంచాంగగణనమును ఆకాశమున ప్రత్యక్షముగా కనబడు దానితో సరిచూచుకొనవలెనని వాదించిన సంస్కర్తలు. శాస్త్రమును సంప్రదాయమును ఒక్కచోట ఎరిగిన అట్టివారు తలుపులు మూసికొనలేదు. దూరదర్శినిని తీసికొని ఆరుబయటికి వచ్చిరి.

వీరందరును చూడగోరినది ఏమి? గాజుపట్టకము గుండ ప్రసరించిన సూర్యకాంతి ఏడు రంగుల పట్టెగా విడిపోవునని న్యూటను చూపెను. ఆ పట్టెలో అడ్డముగా నల్లని గీతలు పెక్కు కలవని 1814 లో ఫ్రౌన్‌హోఫర్ కనిపెట్టెను. ఒక్కొక్క మూలపదార్థము మండినపుడు తనకే చెల్లు గీతలను వెలువరించునని 1859, 1860 సంవత్సరములలో కిర్కాఫ్, బున్సెన్ అను జర్మను పండితులు నిరూపించిరి. వంటయింటి నిప్పులో ఉప్పుకల్లు పడినపుడు లేచు పసుపుపచ్చని మంట సోడియపు గురుతు. ఇట్లే మనుష్యుని అడుగు మోపరాని సూర్యునిలో ఏమేమి యున్నవో ఇచ్చటనుండియే చదువవచ్చునని తేలినది. గ్రహణకాలమున బింబము చుట్టును లేచుచు కనబడు ఎర్రని జ్వాలలు ఏ పదార్థముతో నిండియున్నవో తెలిసికొనుట వీరి తలంపు.

ఆ ఉదయము జాన్సెన్ తన యంత్రమున చూడగా జ్వాలలనుండి మిరుమిట్లు గొలుపు గీతలు కనబడెను. అవి మండుచున్న వాయువులనియు, అందు ముఖ్యమైనది ఉదజని యనియు స్పష్టమయ్యెను. గీతల వెలుగెంత హెచ్చుగా నుండెననగా, వీనిని చూచుటకు గ్రహణముతో పనియే లేదని అతనికి తోచినది. మరునాడు, 19 వ తేదీన, మామూలు సూర్యునియందే వానిని చూచి తన ఊహను రుజువు చేసెను. ఇదియెరుగకయే ఇంగ్లండులో లాకియర్ అను పండితుడు అదే యుక్తిని ఆలోచించి అక్టోబరు 20 వ తేదీన సఫలుడయ్యెను. ఇద్దరి వార్తలును పారిసులోని విద్వత్పరిషత్తునకు ఒక్కదినముననే అందినవి. ఫ్రెంచి ప్రభుత్వము ఇద్దరి ముఖములను ఒక్క పతకము పైననే చెక్కించి గౌరవించెను.

ఆ గీతలలో ఒకటి పసుపుపచ్చనిది. మొదట పలువురు దానిని సోడియపు గీత యని భావించిరి. అది సోడియపు జంటగీతలతో సరిగా కలియుటలేదని లాకియర్ తేల్చి, భూమిమీద ఎవ్వరును ఎరుగని మూలపదార్థ మొకటి సూర్యునిలో కలదని ఊహించెను. గ్రీకు భాషలో సూర్యునకు పేరైన హీలియోస్ అను పదమునుండి దానికి హీలియ మను పేరు వచ్చినది. కొందరు అభిమానముచే హీలియము గుంటూరుననే కనిపెట్టబడినదని వ్రాయుచున్నారు. అది సరికాదు. గుంటూరున లభించినది చూచు మార్గము. ఆ గీత క్రొత్త పదార్థమునకు చెందినదని గుర్తించుట తరువాతి పని. మన ఊరి కీర్తికై ఒక మెట్టు హెచ్చుగా చెప్పుకొనుటకంటె ఉన్నంత చెప్పుకొనుటయే గౌరవము. సహపండితులు చాలమంది లాకియర్ ఊహను నమ్మలేదు. 1895 లో రామ్సే అను రసాయనజ్ఞుడు యురేనియముగల ఒక ఖనిజమునుండి వెడలిన వాయువును పరీక్షింపగా అదే పసుపుగీత కనబడెను. ఇరువదియేడేండ్లకు సూర్యుని పదార్థము మనుష్యుని చేతికి చిక్కినది.

ఇక ప్రశ్న మారినది. హీలియము కలదని తెలిసినది, ఎంత కలదు? సూర్యునియందును భూమియందును పదార్థములు ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉన్నవని ఆనాటి పండితుల నమ్మకము. 1920 లో మన మేఘనాథ సాహా గీతల బలము పదార్థపు పరిమాణమును బట్టియే గాక వేడిమినిబట్టియు మారునని సూత్రము కట్టెను. ఈ సూత్రమును చేతబట్టి సిసీలియా పేన్ అను యువతి నక్షత్రముల కాంతిని లెక్కకట్టెను. ఆమె చదివిన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము స్త్రీలకు చదువు చెప్పుచునే పట్టము నిరాకరించుచుండెను. 1948 వరకును ఆ నియమము చెల్లినది. ఆమె 1923 లో అమెరికాకు పోయి, 1925 లో తన సిద్ధాంతగ్రంథమును ముగించెను. నక్షత్రములు ప్రధానముగా ఉదజనియు, దాని వెనుక హీలియమును అని ఆమె లెక్క పలికినది. రస్సెల్ అను పెద్ద పండితుడు ఇది అసంభవ మనగా, ఇరువదియైదేండ్ల ఆ పిల్ల తన ఫలితము బహుశః నిజము కాదని తానే వ్రాయవలసి వచ్చెను. నాలుగేండ్లకు ఆ రస్సెలే వేరుమార్గమున అదే ఫలితమునకు వచ్చి ఒప్పుకొనెను. ఆమెకు పూర్తి ఆచార్యపదవి లభించుటకు మాత్రము 1956 వరకు పట్టెను.

నేడు తెలిసిన లెక్క ఇది: విశ్వమందలి సాధారణపదార్థమున తూకమునుబట్టి ఇంచుమించు మూడు పాళ్ళు ఉదజని, ఒక పాలు హీలియము, ఇనుము, బంగారము, మనము పీల్చు ఆమ్లజని మొదలగు తక్కినవన్నియు కలిపి నూటికి రెండు పాళ్ళకు మించవు. ఇంత హీలియ మెచ్చటిది? సూర్యుని గర్భమున ఉదజని హీలియముగా మారుచున్నదనియు, ఆ మార్పువలననే వెలుగు కలుగుచున్నదనియు 1939 లో బేథె వివరించెను. కాని నక్షత్రములన్నియు పుట్టినది మొదలు ఇప్పటివరకు కాల్చిన ఉదజనిని లెక్కించినను, వచ్చు హీలియము ఉన్నదానిలో కొలదిపాలు మాత్రమే. తక్కినది నక్షత్రములకంటె ముందే ఉండవలెను. నక్షత్రములకు ముందున్న కొలిమి ఏది?

ఇక్కడ మరియొక చరిత్ర వచ్చి కలియుచున్నది. మన పాలవెల్లికి వెలుపల పాలవెల్లులు వేలకొలదిగా కలవనియు, అవి ఎంత దూరమున నున్న అంత వేగముగా మననుండి తొలగిపోవుచున్నట్లు కనబడుచున్నవనియు 1920 దశకమున తేలినది. బెల్జియము దేశపు లెమెయిత్ర్ 1927 లోను, అమెరికాలో హబుల్ 1929 లోను ఈ విషయమును ప్రకటించిరి. ఆకాశమే విస్తరించుచున్నదని దీని భావము. నేడు విస్తరించుచున్నది నిన్న ఇంతకంటె ఇరుకుగాను, వేడిగాను ఉండవలెను. వెనుకకు లెక్కించుకొనిపోగా సుమారు 1380 కోట్ల సంవత్సరముల క్రిందట సమస్తమును మిక్కిలి దట్టమై, మిక్కిలి వేడియై యుండెనని తేలును. 1948 లో గామోవ్, ఆల్ఫర్ అనువారు ఆ ప్రథమాగ్నియే మూలపదార్థములను వండిన కొలిమి యని ప్రతిపాదించిరి. అన్ని పదార్థములును అక్కడనే పుట్టినవని వారు తలచుట పొరపాటు. హీలియము విషయమున మాత్రము దారి సరియైనది.

ఆ లెక్క గృహిణులు సైతము వ్రేళ్ళమీద కట్టదగినది. మొదటి క్షణములు గడచి, విశ్వము కొంత చల్లారునప్పటికి ప్రతి పదునాలుగు ప్రోటానులకు రెండు న్యూట్రానులు మిగిలియుండెను. అంతకుముందు అవి జతకూడినను తీవ్రమైన కాంతి వెంటనే విడగొట్టుచుండెను. కొన్ని నిమిషములకు వేడి తగ్గగా జతలు నిలిచినవి. హీలియపు కేంద్రకమునకు రెండు ప్రోటానులును రెండు న్యూట్రానులును కావలెను. మొత్తము పదునారు కణములలో రెండు న్యూట్రానులు రెండు ప్రోటానులతో కూడి ఒక హీలియ మయ్యెను. మిగిలిన పండ్రెండు ప్రోటానులు ఉదజనిగా నిలిచెను. పదునారింట నాలుగనగా నాలుగవ వంతు. ఆకాశమున చూచినను అదే నాలుగవ వంతు! లెక్కయు దృష్టియు ఇట్లు ఏకీభవించుటయే ఈ సిద్ధాంతమునకు ఒక మూలస్తంభము.

రెండవ సాక్ష్యము 1964 లో దొరికినది. అమెరికాలో పెన్జియాస్, విల్సన్ అనువారు ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను పట్టుటకు ఒక పెద్దకొమ్ము వంటి యంత్రమును సవరించుచుండగా, ఏ దిక్కునకు త్రిప్పినను ఒక సన్నని రొద మానలేదు. అందు గూడుకట్టిన పావురముల మలినమును కడిగి చూచిరి, అయినను మానలేదు. అది విశ్వపు బాల్యమందలి వెలుగు. సుమారు మూడులక్షల ఎనుబదివేల సంవత్సరముల వయస్సున, పరమాణువులు ఏర్పడి ఆకాశము స్వచ్ఛమైనపుడు బయలుదేరిన కాంతి, విస్తారముచే చల్లబడి, నేడు పరమశూన్యోష్ణమునకు మూడు డిగ్రీల కంటె కొంచెము తక్కువ ఎత్తున మిగిలియున్నది.

తరువాత జరిగినది నక్షత్రముల చరిత్ర. ఉదజని, హీలియముల మేఘములు తమ బరువుచే తామే కుంగి నక్షత్రములైనవి. వాని గర్భమున బొగ్గు, ఆమ్లజని, ఇనుము మొదలగునవి పక్వమై, పెద్దనక్షత్రములు ప్రేలినపుడు వెదజల్లబడినవి. ఈ పాకక్రమమును 1957 లో వివరించిన నలుగురిలో మార్గరెట్ బర్బిడ్జి అను స్త్రీ పేరు మొదటిది. ఇంత తెలిసినను అంతయు తెలిసినదని గర్వింపరాదు. మనము చెప్పుకొనిన ఈ సాధారణపదార్థము విశ్వమున నూటికి అయిదు పాళ్ళు మాత్రమే; మిగిలినది కంటికి కనబడక బరువుచేతను, విస్తారపు వేగముచేతను తన ఉనికిని తెలుపునదియే గాని, దాని స్వరూప మింకను తేలలేదు.

ఇక మన యింటికి వత్తము. చంద్రుడు సూర్యుని కప్పుటయే గ్రహణమని క్రీ. శ. 499 లో ఆర్యభటుడు సంస్కృతముననే చెప్పియున్నాడు; ఇది పరదేశపు మాట కాదు. గ్రహణపు మొర్రి గర్భమున తొలినెలలలో ముఖపుభాగములు సరిగా అతుకుకొననందున కలుగును గాని, కత్తి పట్టుటవలన కాదు. బిడ్డకు మొర్రి పుట్టినచో వైద్యుడు శస్త్రముచే సరిచేయగలడు. తల్లి గ్రహణవేళ కదలినదని జన్మమంతయు ఆమెను దూషించు నింద కేశస్త్రమును లేదు. అందుచేతనే ఈ విషయము కేవలము వినోదము కాదని మేము తలచుచున్నాము.

ఈ మారు గ్రహణము వచ్చినపుడు ఆ తలుపు తెరువుడు. సూర్యుని ఉత్తకంటితో చూడరాదు, అది నిజమైన అపాయము. తగిన కప్పుటద్దముతో గాని, అట్టముక్కకు చిల్లి పొడిచి నేలమీద పడు బింబమును గాని కోడలికిని, కూతురికిని చూపుడు. ఆమె పట్టరాదన్న కత్తిలోని ఇనుము ఏ నక్షత్రమున పక్వమైనదో, విడుపు స్నానమునకు తోడిన బిందెడు నీటిలోని ఉదజని ఎన్ని కోట్ల సంవత్సరములనాటిదో చెప్పుడు. విన్న పిల్ల మరియొక ప్రశ్న వేయును. దానికి సమాధానము మనకు తెలియకున్నను, కసరక, కూడ కూర్చుండి వెదకుటయే మన కర్తవ్యము.