రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టు

రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టు (సంక్షిప్తంగా రీట్) అనునది అనేకమంది మదుపుదారుల నుండి ధనమును సమీకరించి, అద్దె ఆదాయమునిచ్చే స్థిరాస్తులను వారి మేలు కొరకు కలిగియుండే ట్రస్టు. ఏ ఒక్కరూ సులభంగా కొనలేని కార్యాలయ సముదాయాలలో, షాపింగ్ మాళ్ళలో సామాన్యులు కూడా చిన్న వాటా పొందడానికి ఇది వీలు కల్పిస్తుంది. భారతదేశంలో రీట్‌లు సెబీ 2014లో జారీచేసిన నిబంధనలకు లోబడి పనిచేస్తాయి.

ట్రస్టు భావన

ఒక ఆస్తికి యజమాని అయినవాడు దానిని ఇతరుల మేలు కొరకు నిర్వహించవలసిన బాధ్యతనే ట్రస్టు అంటారు. తండ్రిలేని పిల్లల కొరకు ఒక ఇంటిని నమ్మకస్తుని పేర ఉంచి, దాని అద్దెను వారి చదువుకు వినియోగింపజేయడం ఇందుకు చక్కని ఉదాహరణ. ఇల్లు ట్రస్టీ పేర ఉన్నప్పటికీ ఫలము లబ్ధిదారులదే. ట్రస్టీ ఆ ఆస్తిని సొంత లాభానికి వాడుకొనరాదు. భారతీయ ట్రస్టుల చట్టం, 1882 ఈ సూత్రాలను క్రోడీకరించింది. రీట్ కూడా ఈ చట్టం క్రిందనే ఏర్పడుతుంది.

స్వరూపం

రీట్‌లో ముఖ్యంగా నాలుగు పక్షాలు ఉంటాయి.

* స్పాన్సరు: ట్రస్టును నెలకొల్పే సంస్థ. సాధారణంగా భవనాలు నిర్మించినవారే స్పాన్సర్లు.
* ట్రస్టీ: యూనిట్‌దారుల తరఫున ఆస్తులను కలిగియుండి, మేనేజరు పనిని పర్యవేక్షించే సంస్థ.
* మేనేజరు: కొనుగోళ్ళు, అద్దెలు, నిర్వహణ చూచే సంస్థ.
* యూనిట్‌దారులు: మదుపు చేసిన లబ్ధిదారులు.

ఆస్తులు నేరుగా గాని, ట్రస్టు ఆధీనంలోని కంపెనీల ద్వారా గాని ఉండవచ్చును.

నిర్మాణ రంగంలో ఉపయోగం

భవనం పూర్తిచేసిన నిర్మాణదారుని పెట్టుబడి అద్దెల రూపంలో తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ భవనాన్ని ట్రస్టుకు బదిలీ చేసినచో అతనికి నగదు గాని యూనిట్లు గాని లభిస్తాయి. ఆ నగదుతో అప్పులు తీర్చి, కొత్త నిర్మాణం చేపట్టగలడు.

అయితే నిర్మాణంలోని నష్టభయం చిన్న మదుపుదారులపై పడకుండా సెబీ హద్దులు విధించింది. ట్రస్టు ఆస్తుల విలువలో కనీసం 80 శాతం పూర్తయి అద్దె ఆదాయమునిచ్చే ఆస్తులై ఉండవలెను. నిర్మాణంలో ఉన్నవి మిగిలిన 20 శాతంలోనే ఇమడవలెను. వ్యవసాయ భూములు కొనరాదు. పంపిణీ చేయదగిన నికర నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచవలెను. అనగా అట్టి నగదు 100 కోట్ల రూపాయలైతే కనీసం 90 కోట్లు పంచవలసి ఉంటుంది.

చరిత్ర

అమెరికాలో 1960లో చేసిన చట్టంతో రీట్‌లు ఆరంభమైనవి. భారతదేశంలో మొదటిదైన ఎంబసీ ఆఫీస్ పార్క్స్ రీట్ 2019 ఏప్రిల్ 1న స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైనది. మొదట కనీస మదుపు 2 లక్షల రూపాయలు కాగా, 2019లో దానిని 50,000కు, 2021లో 10,000–15,000 స్థాయికి తగ్గించారు. 2024లో చిన్న, మధ్యతరహా రీట్‌లకు నిబంధనలు వెలువడినవి.

హైదరాబాదులో

మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ సముదాయం 2020లో నమోదైన మైండ్‌స్పేస్ బిజినెస్ పార్క్స్ రీట్ ఆస్తులలో ఒకటి. కూకట్‌పల్లిలోని నెక్సస్ మాల్, 2023లో నమోదైన నెక్సస్ సెలెక్ట్ ట్రస్టుకు చెందినది.

పరిమితులు

రీట్ ఆదాయానికి హామీ లేదు. భవనాలు ఖాళీపడితే పంపిణీ తగ్గుతుంది. యూనిట్ల ధర కూడా మారుతూ ఉంటుంది. ఆస్తుల విలువలో 49 శాతం వరకు ట్రస్టు అప్పు చేయవచ్చును కనుక వడ్డీభారం కూడా గమనించదగినది.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు ముందుగా సొమ్ము చెల్లించేవారికి రీట్ రక్షణ వర్తించదు. వారికి వర్తించేది స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా), 2016. దాని ప్రకారం నిర్మాణదారుడు కొనుగోలుదారుల నుండి వసూలుచేసిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు భూమి, నిర్మాణ ఖర్చుల కొరకే ప్రత్యేక ఖాతాలో ఉంచవలెను. పేరులో ట్రస్టు అని ఉన్నంత మాత్రాన ఏ సంస్థయూ రీట్ కాజాలదు; సెబీ వద్ద నమోదై ఉండుటయే ప్రధాన లక్షణం.