షార్దాఁ చేప – మన స్వభావోక్తి



ఉద్యోగపు రోజులలో నిజామాబాదు నుండి విద్యార్థులను హైదరాబాదు తీసికొనిపోయినప్పుడల్లా సాలార్‌జంగ్ మ్యూజియం తప్పనిసరి. అక్కడ జనం గుమిగూడేది రెండు చోట్ల: ముసుగు రెబెకా పాలరాతి శిల్పం ముందు, బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు. ఒకదానికి బైబిలు కథ ఉన్నది, రెండవదానికి వేడుక ఉన్నది. కథా వేడుకా లేని వస్తువు ముందు నిలిచినవారిని నేను చూడలేదు. నేనూ నిలువలేదు.

2021లో పారిస్‌లోని లూవ్రు మ్యూజియం తన సేకరణను అంతర్జాలంలో ఉంచింది. కంఠేశ్వర్‌లోని మా ఇంట కూర్చొని ఆ బొమ్మలు చూస్తూ ఒక చేప దగ్గర ఆగిపోయాను. జాఁ సిమెయోఁ షార్దాఁ గీసిన తైలవర్ణచిత్రమది. పేరు ‘లా రే’. ఎత్తు 114 సెంటీమీటర్లు, వెడల్పు 146. వంటింటి గోడకు కొక్కేనికి వ్రేలాడుతూ రెక్కల వంటి వెడల్పు పక్కలు గల ఒక సముద్రపు చేప. కడుపు చీల్చి ఉన్నది. లోపలి ఎరుపు కనిపిస్తున్నది. దాని ముక్కుపుటాలూ నోరూ కలిసి మనిషి ముఖం వలె తోచి ఒళ్ళు జలదరిస్తుంది. కుడివైపున కూజా, గిన్నె, బల్ల అంచు దాటిన కత్తిపిడి. ఎడమవైపున ఆల్చిప్పల మీద కాళ్ళు మోపి, వెన్ను విల్లుగా వంచి, వెంట్రుకలు నిక్కించిన పిల్లిపిల్ల. పటమంతటిలో ప్రాణమున్న జీవి అదొక్కటే. శాకాహారినైన నాకు ఇది బీభత్సమే. అయినా కన్ను త్రిప్పుకోలేకపోయాను. బీభత్సాన్ని కూడా రసమన్న మన పెద్దలు ఊరకే అనలేదు.

ఇటువంటి చిత్రాలను ఫ్రెంచివారు 18వ శతాబ్దం నుండి ‘నాత్యూర్ మోర్త్’ అంటున్నారు. మృతప్రకృతి అని అర్థం. పేరులోనే చిన్నచూపు వినిపిస్తుంది. దానికి పూర్వమే రాజాస్థానపు చిత్రకళా అకాడమీలో మెట్లు కట్టి పెట్టారు. 1667 నాటి ఉపన్యాసాలకు పీఠిక వ్రాసిన ఫెలిబియెఁ పండ్లను, పూలను, గవ్వలను గీసేవానిని అట్టడుగున నిలిపాడు. వానికి పైన ప్రకృతి దృశ్యాలవాడు, ఆపైన ప్రాణమున్న జంతువులను గీసేవాడు, ఆపైన మనిషిని గీసేవాడు. అందరికీ పైన పురాణ చరిత్ర కథలను చిత్రించేవాడు. అచ్చంగా మన మ్యూజియం గుంపు తీర్పే!

బిలియర్డు బల్లలు చేసే వడ్రంగి కొడుకు షార్దాఁ ఆ అట్టడుగు మెట్టు మీదనే లోపలికి వచ్చాడు. మిత్రుడు కొషాఁ చెప్పిన కథ ఒకటి ఉన్నది. షార్దాఁ తన పటాలను ముందు గదిలో, ఎవరివో అన్నట్లు ఉంచాడట. వృద్ధ చిత్రకారుడు లార్జిలియేర్ వాటిని చూసి, ఎవరో ఫ్లాండర్స్ దేశపు నిపుణునివని మెచ్చుకున్నాడట. అప్పుడు కదా ఇవి నావేనని షార్దాఁ చెప్పుకున్నది! 1728 సెప్టెంబరు 25న అకాడమీ ఆయనను చేర్చుకొని, ఈ చేప పటాన్నీ మరొకదాన్నీ తన వద్ద ఉంచుకున్నది. అయితే చేర్చుకున్నది ‘జంతువులను, పండ్లను గీసేవాడు’గా. 1755లో కోశాధికారి అయ్యాడు గాని, చరిత్ర చిత్రకారులకే దక్కే ఆచార్య పదవి ఆయనకు అందలేదు. లెక్కలు చూడడానికి పనికివచ్చినవాడు పాఠం చెప్పడానికి పనికిరాలేదన్నమాట.

1763లో దిదెరో ఈ చేపను గూర్చి వ్రాస్తూ, వస్తువు రోతదే గాని ఇది చేప మాంసమే, చేప నెత్తురే అని ఆశ్చర్యపడ్డాడు. చరిత్ర చిత్రకారుడైన పియేర్‌ను పేరుపెట్టి పిలిచి, దీనిని చూసి నేర్చుకొమ్మన్నాడు. ఆ పియేరే 1770లో రాజుగారి ప్రథమ చిత్రకారుడయ్యాడు. మెట్లు కదలలేదు.

ఇది చదువుతుంటే నాకు మన ఆలంకారికుల జగడమే గుర్తుకు వచ్చింది. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పే స్వభావోక్తి అలంకారమా, కాదా? కొందరు అలంకారమంటారని భామహుడు తప్పుకున్నాడు. దండి దానికే అగ్రపీఠం ఇచ్చాడు. కుంతకుడు ఒప్పుకోలేదు: స్వభావం శరీరం, శరీరమే నగ అయితే ఇక నగ పెట్టేది దేనికి, ఎవడైనా తన భుజం తానెక్కగలడా అని ఆయన వాదం. వాదం గట్టిదే. కాని షార్దాఁ చేప ముందు నిలువదని నాకు తోస్తున్నది. కొక్కేనికి వ్రేలాడే చేప పారిస్ వంటిళ్ళలో ఎన్ని లేవు? వాటి ముందు ఎవడు నిలిచాడు? చూచిన చూపే ఇక్కడ అలంకారం. మనవైపు చూస్తే, ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే ఋతువు ఋతువు భోజనాన్ని వర్ణించినందుకు రాయలను ఎవరూ క్రింది మెట్టున కూర్చోబెట్టలేదు.

విప్లవకాలంలో, 1793లో అకాడమీ రద్దయింది. దాని సొత్తుతో పాటు చేప లూవ్రుకు చేరింది. వంద సంవత్సరాల తరువాత మతీస్ అనే యువకుడు ఏళ్ళ తరబడి దాని ముందు నిలిచి ప్రతి గీసుకున్నాడు.

స్వభావోక్తిని నేను తరగతిలో రెండు మార్కుల ప్రశ్నగానే ముగించాను. పుస్తకంలోని ఉదాహరణ, చెవులు నిక్కించి గంతులు వేసే లేళ్ళు. పిల్లలు బట్టీపట్టేవారు, నేను దిద్దేవాడిని. ఆనాడు ఈ పిల్లిపిల్ల నాకు తెలియదు. మన కావ్యాలలో వంటింటి వస్తువులనే నిలిపి చూపిన పట్టులు మీకు తోచితే దయచేసి తెలుపగలరు.