ఆక్యుపంక్చర్ చేయించుకుంటున్నారా? సూది గుచ్చించుకునే ముందు ఈ విషయాలు తెలుసుకోండి

నడుము నొప్పికి నెలల తరబడి మాత్రలు మింగి విసిగిపోయారు. కాలనీ మలుపులో ‘ఆక్యుపంక్చర్: మందుల్లేవు, ఆపరేషన్ లేదు’ అన్న బోర్డు కనిపించింది. పక్కింటావిడకు అక్కడే మోకాళ్ల నొప్పి తగ్గిందట. వెళ్లాలా, వద్దా?

వెళ్లడం చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ సూది పట్టుకున్న వ్యక్తి ఏం చదివారు, తేడా వస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్న ప్రశ్నలకు మన దగ్గర జవాబులు తేలిగ్గా దొరకవు. అందుకే ఫీజు కట్టే ముందే ఇవి చదవండి.

అసలు ఏమిటీ చికిత్స?

ఆక్యుపంక్చర్ చైనా సంప్రదాయ వైద్యంలో ఒక భాగం. చాలా సన్నని సూదులను శరీరంలో కొన్ని నిర్దిష్టమైన చోట్ల గుచ్చి, కాసేపు ఉంచి తీసేస్తారు. ‘చీ’ అనే ప్రాణశక్తి ప్రవాహాన్ని ఇది సరిచేస్తుందని ఆ సంప్రదాయం చెబుతుంది. అలాంటి ప్రవాహ మార్గాలు ఉన్నట్టు ఆధునిక శరీర శాస్త్రంలో ఆధారాల్లేవు. సూది నరాలను ప్రేరేపించడం వల్ల శరీరంలో ఎండార్ఫిన్ల వంటి సహజ నొప్పి నివారణ రసాయనాలు విడుదలవుతాయన్నది శాస్త్రవేత్తలు చెప్పే ఒక వివరణ.

మన దేశానికి దీన్ని పరిచయం చేసిన తొలితరం వారిలో డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఒకరు. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు ఆయనా ఉన్నారు. 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి, కలకత్తాలో చికిత్స మొదలుపెట్టారు.

చట్టం ఏం చెబుతోంది?

2003 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన ఉత్తర్వు ఆక్యుపంక్చర్‌ను ‘వైద్య విధానం’గా కాకుండా ‘చికిత్సా పద్ధతి’గా మాత్రమే అంగీకరించింది. రిజిస్టర్డ్ వైద్యులు గానీ, తగిన శిక్షణ పొందినవారు గానీ చేయవచ్చని చెప్పింది. ‘డాక్టర్’ అన్న మాటను గుర్తింపు పొందిన వైద్య విధానాల వారే వాడేలా చూడాలని రాష్ట్రాలకు సూచించింది. 2019 ఫిబ్రవరిలో కేంద్రం దీన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

చిక్కంతా ఆ తర్వాతే. ఎంబీబీఎస్ వారికి జాతీయ వైద్య కమిషన్ ఉంది. ఆయుర్వేద, హోమియో వైద్యులకూ కమిషన్లు ఉన్నాయి. ఆక్యుపంక్చర్‌కు మాత్రం అలాంటి చట్టబద్ధ జాతీయ సంస్థ లేదు. మహారాష్ట్ర ప్రత్యేక చట్టం చేసి కౌన్సిల్ పెట్టుకుంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి కౌన్సిల్ లేదు. కాబట్టి గోడకు వేలాడే సర్టిఫికెట్ వారాంతపు కోర్సుదో, రెండేళ్ల కోర్సుదో మీరే అడిగి తెలుసుకోవాలి.

పని చేస్తుందా?

కొన్ని రకాల నొప్పులకు కొంతమేరకు పని చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే అందులో ఒక మెలిక ఉంది. జర్మనీలో 1,162 మంది దీర్ఘకాల నడుము నొప్పి రోగులపై చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. అసలు ఆక్యుపంక్చర్ చేసినవారిలో 47.6 శాతం మందికి మెరుగైంది. సంప్రదాయం చెప్పిన బిందువులు కాని చోట్ల పైపైన సూదులు గుచ్చిన ‘ఉత్తుత్తి’ చికిత్సలోనూ 44.2 శాతం మందికి మెరుగైంది. మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్సలో ఇది 27.4 శాతమే.

అంటే రోగికి ఉపశమనం కలుగుతోంది కానీ, అది ఫలానా బిందువులో గుచ్చడం వల్లేనని చెప్పడం కష్టం. అందుకే దేశాలు తలోదారి పట్టాయి. బ్రిటన్‌లో నైస్ సంస్థ నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ వద్దని 2016లో చెప్పింది. అదే సంస్థ 2021లో స్పష్టమైన కారణం తెలియని దీర్ఘకాల నొప్పులకు పరిశీలించవచ్చంది. అమెరికాలో మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాల నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సిటింగ్‌ల వరకు చెల్లిస్తోంది. గుణం కనిపిస్తేనే మరో 8 ఇస్తుంది, లేకపోతే ఆపేస్తుంది.

ఈ లెక్క మీకూ పనికొస్తుంది. ‘ముప్పై సిటింగ్‌ల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టాలి’ అంటే ఒప్పుకోకండి. ఐదారు సిటింగ్‌ల తర్వాత నొప్పి ఎంత తగ్గిందో చూసుకుని ముందుకెళ్లండి.

వెళ్లిన రోజు అడగాల్సినవి

• మీ అర్హత ఏమిటి, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఎంబీబీఎస్ అయితే రాష్ట్ర వైద్య మండలి నంబరు ఉంటుంది. ప్రకృతి వైద్యుల బీఎన్‌వైఎస్ డిగ్రీ సిలబస్‌లో ఆక్యుపంక్చర్ ఉంటుంది. ‘చైనాలో చదివాను’ అన్నది ఒక్కటే సరిపోదు. అక్కడ ఎంబీబీఎస్ చేసినవారు కూడా ఇక్కడ అర్హత పరీక్ష పాసై రిజిస్టర్ చేసుకోవాలి.

• సూదులు కొత్తవేనా? ఒక్కసారి వాడి పారేసేవే కావాలి. సీలు మీ కళ్ల ముందే విప్పమనండి. వాడిన సూదులు గుచ్చుకుని బయటకు రాని డబ్బాలో వేయాలి. మామూలు చెత్తబుట్టలో వేస్తుంటే లేచి వచ్చేయండి. సూదులు మళ్లీ వాడితే హెపటైటిస్ బి వంటి ఇన్ఫెక్షన్లు సోకే ప్రమాదం ఉంది.

• మీ సంగతులు మీరూ చెప్పండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, గర్భవతి అయినా, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినా ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టే పద్ధతి వద్దనాలి.

ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?

సూది పోటు దగ్గర చుక్క రక్తం, చిన్న కమిలిన మచ్చ మామూలే. కానీ ఛాతీ, భుజాలు, వీపు పైభాగంలో సూదులు గుచ్చాక ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే తేలిగ్గా తీసుకోకండి. అరుదుగానైనా సూది ఊపిరితిత్తికి తగిలి గాలి బయటకు చేరే ప్రమాదం ఉంది. ఇది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సూదులు గుచ్చించుకున్న సంగతి డాక్టరుకు చెప్పడం మరవొద్దు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ‘ఇన్సులిన్ ఆపేయండి, బీపీ మాత్ర అక్కర్లేదు, కీమో వద్దు’ అన్న సలహా. సూది చేసే హాని కంటే ఈ మాట చేసే హాని ఎక్కువ. అలా చెప్పిన చోటికి మళ్లీ వెళ్లకండి.

చైనా మాత్రలు ఇస్తే?

పేరు, పదార్థాలు చదవడానికి వీల్లేని మాత్రలు వేసుకోవద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన సుమారు వంద మంది మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం వాటిలో కలిసిన అరిస్టలోకిక్ ఆమ్లం. దీన్ని క్యాన్సర్ కారకంగానూ తేల్చారు. అలాగని మూలికలన్నీ చెడ్డవని కాదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ చైనా మూలిక నుంచి వచ్చిందే, దాన్ని కనుగొన్న తు యూయూకు 2015లో నోబెల్ దక్కింది. కానీ అది పరీక్షలన్నీ దాటి మందుగా మారింది. మీకిచ్చిన పొట్లం సంగతి వేరు.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ఆయుష్ కవర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఆ జాబితాలో ఆయుర్వేద, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియో ఉన్నాయి. ఆక్యుపంక్చర్ విడిగా లేదు. పైగా క్లినిక్‌లో సిటింగ్‌లు ఓపీ కిందికి వస్తాయి, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. మొదటి సిటింగ్‌కు ముందే కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వక జవాబు తీసుకోండి.

ఫిర్యాదు ఎక్కడ?

• డబ్బు, సేవాలోపం: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు.

• ఎంబీబీఎస్ లేకుండా అల్లోపతి మందులు రాస్తే: రాష్ట్ర వైద్య మండలి, జిల్లా వైద్యారోగ్య అధికారి. జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం దీనికి ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

• షుగర్, క్యాన్సర్, పక్షవాతం పూర్తిగా నయం చేసే మందు అంటూ ప్రకటనలిస్తే: 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. ఔషధ నియంత్రణ అధికారులకు చెప్పవచ్చు.

వీటన్నిటికీ ఆధారం కావాలి. ప్రతి సిటింగ్‌కు రసీదు అడగండి. బోర్డు, సర్టిఫికెట్, రాసిచ్చిన చీటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రసీదు ఇవ్వని చోట సూది గుచ్చించుకోకపోవడమే మంచిది.