మహాలక్ష్మి మైదానంలో డెర్బీ రోజు

ఇంగ్లండులోని ఎప్సం మైదానంలో 1780లో మొదలైన ఒక గుర్రప్పందేనికి, దానిని నెలకొల్పిన వారిలో ఒకడైన డెర్బీ ప్రభువు పేరు స్థిరపడింది. తరువాత ఏ దేశంలో పందేలు వేళ్ళూనినా, అక్కడ ఏటా జరిగే ముఖ్యమైన పందేన్ని డెర్బీ అని పిలుచుకోవడం ఆచారమైంది. మన దేశపు డెర్బీ ముంబై మహాలక్ష్మి మైదానంలో ఫిబ్రవరి తొలి ఆదివారం జరగడం సంప్రదాయం. పేరు పరాయిది, నియమాలు పరాయివి. పరుగెత్తే గుర్రాలు మాత్రం ఈ నేల మీద పుట్టినవై ఉండాలి. ఆ ఒక్క షరతు వెనుక శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉన్నది.

బొంబాయిలో పందేలు మొదట బైకుల్లాలో జరిగేవి. పక్కనే కామాటిపురా. నిజాం రాజ్యం నుంచి వలస వెళ్ళి ఆ నగరపు మేడలూ బాటలూ కట్టిన తెలుగు కామాఠీల పేరే ఆ పేటకు వచ్చింది. బొంబాయి రేవులో అరబ్బు గుర్రాలు ఓడల నుంచి దిగేవి. వర్తకుల చేతుల మీదుగా కొన్ని సైన్యానికి, కొన్ని సంస్థానాల అశ్వశాలలకు, కొన్ని పందేలకు వెళ్ళేవి. ఇరాన్ నుంచి వచ్చి 1840లలో ఆ నగరం చేరిన మొదటి ఆగాఖాన్‌కు ఈ పందేలంటే ప్రాణం. ఆయన మనుమడు మూడవ ఆగాఖాన్ ఏకంగా ఎప్సం డెర్బీనే అయిదుసార్లు గెలుచుకున్నాడు. 1934లో అదే పందెం రాజ్‌పిప్లా మహారాజు గుర్రం విండ్సర్ లాడ్‌కు దక్కింది. 1930 నుంచి 1936 వరకు జరిగిన ఏడు ఎప్సం డెర్బీలలో నాలుగింటిని ఈ ఇద్దరే గెలిచారన్న సంగతి నేడు ఎందరికి జ్ఞాపకమున్నదో! అయితే ఆ గుర్రాలలో ఒక్కటీ భారతదేశంలో పుట్టినది కాదు.

మహాలక్ష్మి మైదానం 1883లో సిద్ధమైంది. సముద్రపు పోటునీరు నిలిచిన చిత్తడి నేల అది. పడమట హాజీ అలీ దర్గా, దానికి కొంత దక్షిణంగా మహాలక్ష్మి ఆలయం, తూర్పున మిల్లుల పొగగొట్టాలు. వీటి నడుమ పచ్చని పందెం బాట. వెస్టర్న్ ఇండియా టర్ఫ్ క్లబ్బుకు 1935లో ఐదవ జార్జి చక్రవర్తి 'రాయల్' బిరుదమిచ్చాడు. ఆనాటి పెద్ద పందేలలో ఇంగ్లండు నుంచి దిగుమతి చేసుకున్న గుర్రాలదే పైచేయి. దేశవాళీ గుర్రం వాటితో పోటీపడలేదని భావించి, అది మోయవలసిన బరువును కొంత తగ్గించేవారు. బలహీనుడికి చూపే రాయితీ అది. యజమాని దానిని ఆనందంగా స్వీకరించేవాడు గాని, అందులో గౌరవమేమీ లేదు.

రెండవ ప్రపంచయుద్ధం ఈ పద్ధతిని మార్చింది. ఓడలు సైన్యం పనిలో ఉండగా గుర్రాల రాక సన్నగిల్లింది. అటువంటి కాలంలో, 1943లో, దేశవాళీ గుర్రాలకే ప్రత్యేకించి ఇండియన్ డెర్బీని ప్రారంభించారు. తొలి విజేత ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఆడగుర్రం; యజమాని బరోడా మహారాజు; స్వారీ చేసినవాడు ఎడ్గర్ బ్రిట్ అనే ఆస్ట్రేలియా జాకీ. రెండేళ్ళ తరువాత ఇదే మహారాజు ఇంగ్లండులో సాయాజీరావు అనే గుర్రప్పిల్లను 28,000 గినీలకు కొని లోకాన్ని విస్మయపరిచాడు. చరిత్ర గ్రంథాలలో ఆ గినీల కథ తరచుగా కనబడుతుంది, మన ఆడగుర్రం కథ అంతగా కనబడదు.

స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ గుర్రాలు మన పందేలలో పరుగెత్తడం ఆగిపోయింది. సంతానోత్పత్తికి పనికివచ్చే మేలుజాతి గుర్రాలను మాత్రం తెప్పించుకునేవారు. పుణె పరిసరాలలోనూ, మరికొన్ని చోట్లా అశ్వక్షేత్రాలు పెరిగాయి. వాటిలో పూనావాలా కుటుంబం 1946లో నెలకొల్పిన క్షేత్రం ఒకటి. పరుగుకు పనికిరాని ముసలి గుర్రాలను వారు పరేలులోని హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చేవారు. ధనుర్వాతానికీ పాముకాటుకూ విరుగుడు మందును ఆ గుర్రాల రక్తం నుంచి తీసేవారు. మన గుర్రాలతో మనమే ఆ మందు ఎందుకు తయారు చేయకూడదన్న ఆలోచన నుంచి 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 2021లో కోవిడ్ టీకాలను కోట్ల సంఖ్యలో అందించిన సంస్థ అదే. పొలంలో పాము కరిచిన రైతుకు ఎక్కించే మందులో ఒక గుర్రపు నెత్తురు ఉన్నదని తెలిసినవారు తక్కువ.

నేను తొలిసారి డెర్బీ చూసినది 1977లో. అప్పుడు బొంబాయిలో చిరుద్యోగిని. అత్యవసర పరిస్థితి నీడ తొలగకపోయినా ఎన్నికల ప్రకటన వెలువడి ఉండటం వల్ల, లోకల్ రైళ్ళలో మనుషులు మళ్ళీ గొంతెత్తి మాట్లాడుకుంటున్న రోజులవి. ఆ ఉదయం మాత్రం రైలు పెట్టె నిండా ఒకటే పేరు: స్క్వాండరర్. దుబారా చేసేవాడని ఆ పేరుకు అర్థం. ఆ గుర్రం తన జీవితంలో పరుగెత్తినది 19 పందేలు, గెలిచినది 18. పేరు పెట్టినవారి చమత్కారం ఎంతగా తలకిందులైందో చెప్పనక్కరలేదు.

పందేనికి ముందు గుర్రాలను నడిపించే ఆవరణ చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. సైసులు పగ్గాలు పట్టి నింపాదిగా నడిపిస్తూ ఉంటే, రంగురంగుల పట్టు చొక్కాలు తొడుక్కున్న జాకీలు ఒక్కొక్కరే జీనుల మీదికి ఎక్కారు. నా పక్కన నిలబడిన ఒక వృద్ధుడు, కరీంనగరు జిల్లా నుంచి వచ్చి వర్లీ మిల్లులో మగ్గం నడిపిన పద్మశాలి, పందేల పుస్తకం తెరవనే లేదు. "కాళ్ళు చూడు బిడ్డా, పుస్తకమెందుకు?" అన్నాడు. 2,400 మీటర్ల పరుగు సుమారు రెండున్నర నిమిషాలు పడుతుంది. మొదటి నిమిషంలో జనం అరుస్తారు. చివరి మలుపు తిరిగేసరికి ఆ అరుపులన్నీ కలిసి ఒకే హోరై, ఎవరి గుర్రం ఎవరిదో తెలియకుండా పోతుంది. స్క్వాండరర్ గమ్యం దాటినప్పుడు సభ్యుల గ్యాలరీలోని టోపీలూ, రెండవ ఎన్‌క్లోజరులోని తలగుడ్డలూ ఒకేసారి పైకి లేచాయి. ఆ నగరంలో ధనికుడూ కూలివాడూ ఒకే దృశ్యాన్ని ఒకే క్షణంలో చూసే చోట్లు అప్పటికే తక్కువ. మధ్యన ఇనుప కంచె ఉన్న మాటా నిజమే.

ఆ తరువాత వీలైనన్ని ఫిబ్రవరులు వెళ్ళాను. పేసీ ష్రాఫ్ స్వారీని చూడటం ఒక భాగ్యం. డెర్బీని ఎనిమిదిసార్లు గెలిచిన ఆ జాకీ గుర్రాన్ని తొందరపెట్టేవాడు కాడు; ఎదుటివారు తొందరపడేదాకా వేచి ఉండేవాడు. విదేశీ జాకీ లేనిదే పెద్ద పందెం లేదనుకున్న కాలం నుంచి మనవారు ఎంత దూరం వచ్చారో ఆయన చేతులలోని పగ్గాలే చెప్పేవి.

రెండవ ఎన్‌క్లోజరు మీద ప్రేమతో అక్కడి దుఃఖాన్ని దాచలేను. నెల జీతం ఒక మధ్యాహ్నంలో పోగొట్టుకుని, నడిచి ఇంటికి వెళ్ళినవారిని చూశాను. 1982లో మిల్లుల సమ్మె మొదలైన తరువాత ఆ ఆవరణలో తెలిసిన ముఖాలు ఏటేటా తగ్గాయి. ఆ పద్మశాలి వృద్ధుడు మళ్ళీ కనిపించలేదు. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన క్రీడేగాని కేవలం జూదం కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గుర్రం విషయంలోనూ జాకీ విషయంలోనూ ఆ మాట అక్షరసత్యం. టికెట్టు కొన్నవారందరి విషయంలో అంత నిశ్చయంగా చెప్పలేను.

ఇప్పుడు మైదానం రూపు మారుతున్నది. కౌలు గడువు 2013లోనే ముగిసింది. మొత్తం 211 ఎకరాలలో 120 ఎకరాలను నగరపాలక సంస్థ ఉద్యానవనానికి ఇచ్చి, 91 ఎకరాలను క్లబ్బుకు మిగిల్చే ఏర్పాటు 2024లో కుదిరింది. పందెం సొమ్ము మొత్తం మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరులో 40 శాతానికి పెరిగింది. ఊపిరాడని నగరానికి ఉద్యానవనం అవసరమే. దానిని కాదనే సాహసం చేయను. నేను కోరేది రెండే. గుర్రాల వంశావళులు, పందేల ఫలితాల పుస్తకాలు, పాత ఛాయాచిత్రాలు ఏదైనా ప్రభుత్వ పురాలేఖాగారంలో పరిశోధకులకు అందుబాటులోకి రావాలి. రాజుల పేర్లతోపాటు సైసుల పేర్లు వాటిలో ఎక్కడైనా ఉంటే అవీ బయటపడాలి. కొత్త ఉద్యానవనంలో ఒక చెట్టు కింద చిన్న శిలాఫలకం వేసి, దాని మీద 1943 అనీ, ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనీ చెక్కించాలి.