బళ్లారి నాటక సభలు: అభిమానుల పోటీ, నటుల పొత్తు

గత సంక్రాంతికి బెంగుళూరునుండి చిక్కబళ్లాపురములోని మా యింటికి వచ్చిన మనుమలిద్దరును పండుగ మూడు దినములును ఒకే వాదముతో గడపిరి. వాద విషయము హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతము. విద్యుత్తుతో మ్రోగు గిటార్లును, పిడుగులవంటి డ్రమ్ములును దానికి ప్రాణము. పెద్దవాడు మెటాలికా అను బృందమునకు దాసుడు. చిన్నవాడు మెగాడెత్ అను బృందమునకు. డేవ్ మస్టేన్ అను గిటారు వాద్యగాడు 1983లో మెటాలికానుండి తొలగింపబడి, పిదప మెగాడెత్‌ను నెలకొల్పెనట. నాటినుండి నేటివరకు ఇరుపక్షముల అభిమానులును లోకమంతటను తగవులాడుకొనుచునే యున్నారు. మెటాలికావారు 2011 అక్టోబరులో బెంగుళూరు ప్యాలెస్ మైదానమున వాయించిన సంగతిని పెద్దవాడు విజయశాసనమువలె మాటిమాటికి చదువుచుండెను. ఇంతలో చిన్నవాడు నోరుజారి, 2010లో బల్గేరియా రాజధాని సోఫియాలో ఆ రెండు బృందములును మరి రెంటితో కూడి ఒకే వేదికపై వాయించినవని చెప్పెను. "వాయించువారే కలిసిరి గదా, వినువారు మీరేల కలియరు?" అని నేనడిగితిని. "తాతా, నీకు తెలీదు" అని ఇద్దరును ఒక్కసారిగా పలికిరి. మూడు దినములలో వారికి ఏకాభిప్రాయము కుదిరిన మాట అది యొక్కటే.

నాకు తెలియనిది గిటారు మాత్రమే. ఆ తగవు నాకు చిన్ననాటి స్నేహితమువంటిది. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు కుటుంబములలో పెరిగినవారెవరైనను ఏదో యొక పక్షము వహింపక పెరిగినవారు కారు. మొదట రామారావు పక్షము, నాగేశ్వరరావు పక్షము. ఆ యిద్దరును 1957లో మాయాబజారునందును, 1962లో గుండమ్మకథయందును కలిసియే నటించిరన్న సంగతి ఏ పక్షమువారికిని అడ్డురాలేదు. 1977 జనవరి 14వ తేదీన దానవీరశూరకర్ణయు, కురుక్షేత్రమును ఒకేనాడు విడుదలయైనపుడు భారతయుద్ధము మరల జరిగినట్లేయయ్యెను. మొదటి చిత్రమున రామారావుగారొక్కరే కర్ణుడు, సుయోధనుడు, శ్రీకృష్ణుడు. రెండవ చిత్రమున శోభన్‌బాబు శ్రీకృష్ణుడు, కృష్ణ అర్జునుడు. రెండును చూడనివారు సైతము ఒకదానిని తెగడి మరియొకదానిని పొగడిరి. అందులో నేనును ఒకడను.

సినిమాకు ముందు ఈ తగవులకు పద్యనాటకము తావిచ్చెను. ఈ సీమకు తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు. చింతామణి తాలూకాలోని కైవారమున నారాయణ తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు పాడిన నేల యిది. ఇట్టి నేలపై హార్మోనియము శ్రుతి వినబడినచో జనము కదలకుండునా? తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని పద్యములు అక్షరజ్ఞానము లేనివారికిని నోటికి వచ్చెడివి. రాయబార ఘట్టమున శ్రీకృష్ణుడు పద్యమెత్తుకొని రాగము సాగదీయగా ఒక మూలనుండి "వన్స్‌మోర్" అని కేక వచ్చును. "పద్యము చాలును, కథ నడుపుము" అని మరియొక మూలనుండి గద్దింపు. రాగము ముఖ్యమా, భావము ముఖ్యమా యన్న ఈ ప్రశ్నయే మన అభిమానుల వాదములన్నిటికిని వేరు. తక్కినవన్నియు కొమ్మలు.

ఈ వాదమునకు తొలినాటి గొప్ప రంగస్థలమును వెదకుటకు కృష్ణా గోదావరీ తీరములకు పోనక్కరలేదు. అది నేటి మన కర్ణాటక రాష్ట్రమునందే, బళ్లారిలో కలదు. ధార్వాడ నాటక సమాజమువారును, పార్సీ సమాజములవారును పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములలో తెలుగు పట్టణములలో నాటకాభిరుచిని రగిలించిరి. తెలుగును కన్నడమును పక్కపక్కనే వినిపించు బళ్లారిలో ఆ నిప్పు ఇద్దరు న్యాయవాదులకు సోకెను. ఒకరు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912). రెండవవారు కొలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919). ఒక్క యేడు ఎడముతో పుట్టి, ఒకే యూర, ఒకే వృత్తిలో నుండిన ఈ యిద్దరును చెరియొక సభను నిలిపిరి. ఆచార్యులవారిది సరస వినోదినీ సభ. రావుగారిది సుమనోరమ సభ. ఉదయము న్యాయస్థానమున వాదించి, సాయంకాలము రంగస్థలమున వాదించిరన్నమాట!

లోకము వారికి బిరుదములు పంచిన తీరు చూడుడు. ఆచార్యులవారు ఆంధ్ర నాటక పితామహులైరి. రావుగారు ఆంధ్ర చారిత్రక నాటక పితామహులైరి. ఒక యింట ఇద్దరు పితామహులున్నపుడు మనుమలు ఊరకుందురా? ఆచార్యులవారి పక్షమువారికి చిత్రనళీయము చాలును. నాటకమున శాస్త్రీయ రాగములలో పాటలు పొదిగి, ఆంగ్ల నాటకముల పద్ధతిని రంగవిభజన చేసి, తెలుగు నాటకమునకొక రూపము దిద్దినది ఆయనయే. అంతకన్న సాహసము విషాద సారంగధర. నాటకము మంగళముగా ముగియవలెనని సంస్కృత లాక్షణికులు శాసించియుండగా, నిర్దోషియైన రాజకుమారుని కథను కన్నీటిలోనే ముగించుటకు ఆయన వెనుదీయలేదు. చూచువారి కన్నీటిని నమ్ముకొని శాస్త్రమును ధిక్కరించిన రచయిత ఆయన. నాకు ఆయనయందు గల గౌరవమునకు ఇది మొదటి కారణము, పాటలు రెండవది.

రావుగారి పక్షమువారు ఇంతకు లొంగెడివారు కారు. ఆయన హంపీ శిథిలముల చెంతనున్న కమలాపురమున జన్మించెను. కూలిన గోపురములను చూచుచు పెరిగిన బాలుడు పెద్దవాడై 1565 నాటి విజయనగర పతనమును నాటకముగా వ్రాసెననిన ఆశ్చర్యమేమున్నది? అదియే రామరాజు చరిత్ర. పురాణ కథలనే చూచుచున్న ప్రేక్షకులకు ఆయన తమ నేలమీది చరిత్రను చూపెను. ఆంగ్ల ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమును నిషేధించినదనగా, అది ఎంతగా తగిలినదో ఊహింపవచ్చును. చాందు బీబీ, మైసూరు రాజ్యము మున్నగునవియు ఆయన రచనలే. మైసూరు పేరుతో ఒక తెలుగు నాటకము కలదని మన యిండ్లలో ఎందరికి తెలియును? ప్రపంచ నాటక చరిత్రమును ఆంగ్లమున ఒక గ్రంథముగా వ్రాసినదియు ఆయనయే. బళ్లారిలో కూర్చుండి గ్రీసు దేశపు రంగస్థలమును గూర్చి ఆలోచించిన మనిషి!

ఇక అసలు సంగతికి వత్తును. ఈ రెండు సభల పోటీని గూర్చి చెప్పువారు తరచుగా మరచునది ఒకటి కలదు. తాడిపత్రి రాఘవాచార్యులు, అనగా లోకమెరిగిన బళ్లారి రాఘవ (1880–1946), ధర్మవరమువారికి స్వయముగా మేనల్లుడు. మేనమామ ఇంటి గాలిలోనే ఆయనకు నాటకము అబ్బెను. కాని ఆయన పేరు చెప్పగానే పెద్దలు తలచుకొను పఠాను రుస్తుము పాత్ర మేనమామ నాటకములోనిది కాదు. అది కొలాచలమువారి రామరాజు చరిత్రలోనిది. మేనల్లుడు సుమనోరమ సభలో నటించెను! ఊరి అభిమానులు గీచిన గీతను ఆ యింటి బిడ్డయే దాటెను. మస్టేనును వెళ్లగొట్టిరి, రాఘవను ఎవ్వరును వెళ్లగొట్టలేదు. మంచి పాత్ర ఎచ్చట నున్నదో అచ్చటికి ఆయన తానై నడచెను. నటునకు సభ ఒక వేదిక. అభిమానికి అదియే వంశము, గోత్రము.

రాఘవ వచ్చుటతో రాగభావముల తగవు కొత్త పదునెక్కెను. రంగస్థలమున పద్యమును సాగదీసి పాడుట ఆయనకు గిట్టదు. మాటలో, చూపులో, మౌనములో పాత్ర నిలువవలెననువాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టినవాడు. దీని నెగ్గు తేల్చుటకా యన్నట్లు 1936లో ఒక విచిత్రము జరిగెను. ద్రౌపదీ మానసంరక్షణమనియు, ద్రౌపదీ వస్త్రాపహరణమనియు ఒకే కథతో రెండు తెలుగు టాకీలు పోటీపడి వెలువడెను. మొదటిదానిలో దుర్యోధనుడు రాఘవ. రెండవదానిలో పద్యగానమునకు పేరొందిన యడవల్లి సూర్యనారాయణ. ప్రజలు రెండవదానికే పట్టము గట్టిరి. పద్యము గెలిచెనని ఒక పక్షము సంబరపడెను. నామట్టుకు నాకది సరియైన తీర్పుగా తోచదు. రంగస్థలపు రాఘవను తెరపై కొలుచుట, చెరువు చేపను గట్టుమీద ఈదుమనుటవంటిది. అయినను అభిమానులకు కొలత యొక్కటే: ఎవరు గెలిచిరి?

ఇట్టి వాదములు వ్యర్థమని నేననను. వాదించుటకు పద్యము నోటికి రావలెను. ఎదుటి పక్షము పద్యమును సైతము వినవలెను, అందులో తప్పు పట్టుటకైనను. మా తల్లిదండ్రులు మాకు వ్యాకరణము నేర్పలేదు. కన్నడ పాఠశాలలో చదువుకొని వచ్చిన మాకు తెలుగు చెవిలో పడినది ఈ జగడములవలననే. పొరుగు కన్నడిగులు తమ నాటకములలోని కంద పద్యములతో మా మాటకు మాట చెప్పెడివారు. అదియు మాకు మేలే చేసెను. నష్టము వేరొక చోట నున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున నిలిచెను; బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరెను. అంతటితో బళ్లారి తెలుగు నాటకము ఆ ప్రక్కవారికి పొరుగూరి సంగతియైనది. ఈ ప్రక్క మనకు చెన్నపట్టణపు సినిమా తారల ముచ్చట్లలో మరుపున పడినది. రాఘవ పేర బళ్లారిలో కళామందిరము కలదు. కన్నడిగులును తెలుగువారును ఆయనను తమవాడనియే అందురు. ఆయన కాలు మోపిన రెండు సభల పేర్లు మాత్రము మన పిల్లలకు తెలియవు. 1983లో అమెరికాలో ఎవరిని ఏ బృందమునుండి తీసివేసిరో వారికి కంఠోపాఠము. తప్పు వారిది కాదు. వారి యెదుట మనమెన్నడైనను ధర్మవరమువారి కొరకు గొంతు చించుకొంటిమా?

కనుమనాటి మధ్యాహ్నమున ఈ కథనంతయు మనుమలకు చెప్పితిని. మస్టేనును రాఘవను పోల్చి చెప్పినపుడు మాత్రము ఇద్దరును చరవాణులు ప్రక్కన పెట్టిరి. అంతయు విని పెద్దవాడు, "అయితే తాతా, ఇద్దర్లో ఎవరు గొప్ప?" అని అడిగెను. ఇద్దరును గొప్పవారే యని నేననగా అది జవాబు కాదని కొట్టివేసెను. కొంతసేపు ఆలోచించి, కన్నీటితో నాటకమును ముగించిన ధైర్యము ఆచార్యులవారిదే గనుక తాను వారి పక్షమనెను. ప్రభుత్వమును భయపెట్టిన నాటకము వ్రాసినది కొలాచలమువారు గదా యని చిన్నవాడు వెంటనే అడ్డుతగిలెను. అన్నము చల్లారిపోవుచున్నదని లోపలినుండి రెండుమార్లు కేక వినవచ్చెను. ఎవ్వరును లేవలేదు.